పాత్ర, పాత్రధారి, సమ్మతి: తెలుగు నాటక విమర్శ విస్మరించిన ఒక ప్రశ్న

ఉపోద్ఘాతం

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ నాటక ప్రదర్శనను నిషేధించినప్పుడు తెలుగు సాహిత్యలోకంలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. సుబ్బిశెట్టి పాత్ర ద్వారా ఆర్యవైశ్యులు అవమానానికి గురవుతున్నారని ఒక పక్షం వాదించింది. దీర్ఘచరిత్ర గల సంఘసంస్కరణ నాటకాన్ని నిషేధించడం భావప్రకటనా స్వాతంత్ర్యానికి భంగకరమని రెండవ పక్షం వాదించింది. కాళ్ళకూరి నారాయణరావు రచించిన మూలపాఠంలో లేని అసభ్య సంభాషణలు ప్రదర్శనల్లో చేరాయన్న సంగతి ఉభయ పక్షాలకూ తెలిసినదే. అయినా ఆ సంభాషణలను వేదికపై ఎవరిని ఉద్దేశించి పలుకుతున్నారన్న విషయం చర్చకు కేంద్రం కాలేదు. చింతామణి, చిత్ర, శ్రీహరి పాత్రలు ధరించిన నటీమణులకు ఆ రాత్రి తాము వినబోయే మాటలు ముందుగా తెలుసునా? తెలిసి ఉంటే వారు అందుకు సమ్మతించారా? అవమానం సమాజానిదా, స్వేచ్ఛ రచయితదా అని తర్కించుకున్న మనం, వేదికపై నిలబడిన మనిషిని మరచిపోయాం.

ఈ మరపు యాదృచ్ఛికం కాదు. అది మన నాటక విమర్శ నిర్మాణంలోనే ఉన్నది. కలతపెట్టే సన్నివేశాల్లోను, శరీరస్పర్శతో కూడిన ఆంతరంగిక సన్నివేశాల్లోను నటించేవారికి ముందస్తు సమాచారం ఇవ్వడం, వారి సమ్మతి తీసుకోవడం అనేవి నిర్వహణకు సంబంధించిన చిల్లర విషయాలుగా పరిగణింపబడుతున్నాయి. అవి అభినయమనే భావనకే మూలాధారాలని, సమ్మతి లేని చోట జరిగేది అభినయమే కాదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘పాత్ర’ అనే మాట

నటునికి రసానుభవం ఉన్నదా అనే ప్రశ్న అలంకారశాస్త్రంలో ప్రాచీనమైనది. భట్టలోల్లటుడు రసాన్ని ముఖ్యంగా అనుకార్యునిలోను, అనుసంధానబలం చేత నటునిలోను చూశాడు. శంకుకుడు చిత్రతురగ న్యాయంతో నటుణ్ణి అనుమితికి ఆధారంగా నిలిపాడు. అభినవగుప్తుడు రసాన్ని సామాజికుని హృదయంలో ప్రతిష్ఠించి, నటుణ్ణి ‘పాత్ర’ అనడంలోని ఔచిత్యాన్ని ఒక ఉపమానంతో వివరించాడు. మద్యం రుచి అది ఉన్న పాత్రకు తెలియదు, ఆ రుచిని అందించడానికి పాత్ర ఉపాయం మాత్రమే. ధనంజయుడు కొంత సడలించి, కావ్యార్థభావన వల్ల నర్తకునికీ ఆస్వాదం కలగడాన్ని కాదనలేమన్నాడు. విశ్వనాథుడు కూడా అటువంటి నటుణ్ణి సభ్యుల కోవలో చేర్చాడు.

ఈ చర్చాక్రమంలో ఒక అంశం గమనించదగినది. నటుడు రసచర్చలో ప్రవేశించాలంటే ప్రేక్షకుడు కావాలి. తన పనిలో నటుడు ఏమవుతున్నాడు, అతని దేహానికి ఏమి జరుగుతున్నది అన్నది ఆ చర్చకు విషయం కాదు. ఇందులో ప్రాచీనుల దోషం లేదు. రుచి ఎక్కడ ఉన్నదన్నది వారి ప్రశ్న, ఆ ప్రశ్నకే వారు సమాధానం చెప్పారు. దోషం మనది. రసానికి సంబంధించిన సమాధానాన్ని మనం నీతికి సంబంధించిన సమాధానంగా మార్చుకున్నాం. పాత్రకు రుచి తెలియదన్న మాట నుంచి పాత్రధారికి నొప్పి తెలియదన్న మాటకు ఎప్పుడు జారిపోయామో మనకే తెలియదు.

తెలుగులో ‘పాత్ర’ శబ్దం గిన్నెకూ వర్తిస్తుంది, నాటకంలోని వ్యక్తికీ వర్తిస్తుంది. వేషం వేసిన మనిషిని వేరుగా చెప్పడానికి ‘పాత్రధారి’ అనే మాట మనకున్నది. కాని సమీక్షలు, సన్మాన ప్రసంగాలు ఈ భేదాన్ని చెరిపివేయడాన్నే పరమ ప్రశంసగా భావిస్తాయి. పాత్రలో లీనమైంది, పాత్రలో జీవించింది, పరకాయ ప్రవేశం చేసింది అంటాం. తోటినటుడు నిజంగానే చెంప పగలగొట్టినా ఆమె సన్నివేశం ఆపలేదని చెప్పే కథలను అంకితభావానికి నిదర్శనాలుగా ఉదాహరిస్తాం. ఆ దెబ్బ గురించి ఆమెకు ముందు చెప్పారా అని మనం అడగము. ఆ ప్రశ్న అడగడానికి కావలసిన పరిభాష మన విమర్శలో లేదు.

నిషేధాలు ఎవరి కోసం

వేదికపై చూపదగనివాటి గురించి మన సంప్రదాయం మౌనంగా లేదు. నాట్యశాస్త్రంలోని సామాన్యాభినయ ప్రకరణం శయనం, చుంబనం, ఆలింగనం, నఖదంతక్షతాలు వంటివాటిని రంగస్థలంపై చేయరాదంటుంది. దశరూపకం వధ, యుద్ధం, భోజనం, స్నానం, సురతం మొదలైనవాటిని ప్రత్యక్షంగా చూపరాదంటుంది. భాసుని ‘ఊరుభంగం’లో దుర్యోధనుడు రంగస్థలంపైనే మరణిస్తాడు కనుక ఈ నిషేధాలు అన్ని వేళలా పాటింపబడలేదని మనకు తెలుసు. ప్రస్తుతాంశానికి ముఖ్యమైనది నిషేధానికి భరతుడు చెప్పిన కారణం. తండ్రి, కొడుకు, కోడలు, అత్త ఒక్కచోట కూర్చుని చూసే నాటకం కనుక అటువంటివి కూడదన్నాడు. కారణం ప్రేక్షకుల వరుస. ఆలింగనం చేసుకోవలసిన ఆ ఇద్దరు నటుల మాట అక్కడ లేదు.

వలస ప్రభుత్వం తెచ్చిన 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. రాజద్రోహం, పరువునష్టం ఒకవైపు, ప్రదర్శనకు హాజరైనవారి నీతి చెడిపోవడం మరొకవైపు దాని ఆందోళనకు కారణాలు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద ఇచ్చే ధ్రువపత్రం కూడా ఎవరు చూడవచ్చునో చెబుతుంది. ఆ దృశ్యాన్ని ఎటువంటి పరిస్థితుల్లో తీశారో చెప్పదు. శాస్త్రకారుడు, వలస పాలకుడు, ఆధునిక ధ్రువీకర్త ముగ్గురూ ప్రేక్షకునికే కాపలా కాశారు. మన ఔచిత్య చర్చ కూడా అదే కాపలాను కొనసాగించింది. సన్నివేశం రసానికి ఉచితమా, పాత్రస్వభావానికి ఉచితమా, సంఘమర్యాదకు ఉచితమా అని విచారించింది. నటునిపట్ల ఉచితమా అనే నాలుగవ ప్రశ్న వేయలేదు.

నిజమైన కన్నీరు

సమ్మతికి ఎదురుగా తరచు నిలిపే వాదం సహజత్వానిది. ముందే చెబితే నటన కృత్రిమమవుతుందని, చెప్పకుండా చేస్తేనే ముఖంలో నిజమైన భావం పలుకుతుందని దర్శకులు అంటారు. ఈ వాదానికి ప్రపంచ చలనచిత్ర చరిత్రలో అపఖ్యాతి పొందిన ఉదాహరణ ‘లాస్ట్ టాంగో ఇన్ పారిస్’. 1972లో విడుదలైన ఆ చిత్రంలోని అత్యాచార దృశ్యం చిత్రీకరించేనాటికి మరియా ష్నైడర్ వయస్సు 19 సంవత్సరాలు. దృశ్యంలో వెన్నను వాడాలన్న నిర్ణయాన్ని తానూ మార్లన్ బ్రాండో ఆ ఉదయమే తీసుకున్నామని, ఆమెకు కావాలనే చెప్పలేదని, నటిగా కాక ఒక అమ్మాయిగా ఆమె స్పందన తనకు కావలసి వచ్చిందని దర్శకుడు బెర్నార్డో బెర్తొలూచి 2013లో వెలుగులోకి వచ్చిన సంభాషణలో అంగీకరించాడు. బ్రాండో చేసింది నటనే అయినా తన కన్నీరు నిజమైనదని, తాను అవమానానికి గురయ్యానని ష్నైడర్ 2007లోనే చెప్పి ఉన్నది. ఆమె 2011లో మరణించింది. అత్యాచార దృశ్యం గురించి ఆమెకు తెలుసునని, వెన్న సంగతి ఒక్కటే కొత్తదని బెర్తొలూచి 2016లో వివరణ ఇచ్చాడు. ఆ వివరణను యథాతథంగా స్వీకరించినా వాదం మారదు. సమ్మతి అనేది సన్నివేశం పేరుకు ఇచ్చేది కాదు. అందులో ఏమి జరుగుతుందో ఆ వివరాలకు ఇచ్చేది.

దర్శకుని మాటల్లోనే అతని వాదానికి ఖండన ఉన్నది. నటి స్పందన వద్దు, అమ్మాయి స్పందన కావాలి అన్నప్పుడు అతడు అభినయాన్నే వద్దన్నాడు. ఇక్కడ మన శాస్త్రం ఆశ్చర్యకరంగా నటి పక్షాన నిలుస్తుంది. సాత్త్విక భావాలను వివరిస్తూ భరతుడు సరిగ్గా ఈ ప్రశ్ననే ఎదుర్కొన్నాడు. దుఃఖం లేనివాడు కన్నీటిని ఎలా చూపగలడు? నటుణ్ణి నిజంగా దుఃఖపెట్టమని అతడు చెప్పలేదు. సత్త్వం మనస్సు నుంచి పుడుతుందని, మనస్సమాధానం వల్ల సిద్ధిస్తుందని చెప్పాడు. మనస్సును ఏకాగ్రం చేసుకోగలగడానికి నటునికి తాను ఏమి చేయబోతున్నాడో, తనకు ఏమి జరగబోతున్నదో తెలిసి ఉండాలి. హఠాత్తుగా పడిన దెబ్బకు వచ్చే కన్నీరు శరీరధర్మం. సమాహితమైన మనస్సు నుంచి వచ్చే కన్నీరు సాత్త్వికాభినయం. రెండూ ఒకే విధంగా కనబడవచ్చు. నటన అనదగినది రెండవది మాత్రమే.

ఈ భేదం గురించి రాసే అర్హత నాకు సులభంగా రాలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక నాటికల పోటీకి నేను న్యాయనిర్ణేతను. ఒక నాటికలో భర్త భార్యను కొట్టే ఘట్టం ఉన్నది. దెబ్బ పడినప్పుడు ఆ నటి నోట వెలువడిన చిన్న శబ్దం ప్రేక్షాగారాన్ని నిశ్శబ్దం చేసింది. సహజాభినయం కింద ఆమెకు ఎక్కువ మార్కులు వేశాను. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమెను అభినందిస్తే, రిహార్సల్స్‌లో చెయ్యి గాలిలోనే ఆగేదని, ఈ రోజు మాత్రం నిజంగా కొట్టమని దర్శకుడు అతనికి చెప్పాడట అని, తనకు తెలియదని చెప్పింది. ఫిర్యాదుగా చెప్పలేదు. “అయినా సీను బాగా పండింది కదా మాస్టారూ!” అన్నది. ఒక చెవి వైపు చేతితో పట్టుకునే మాట్లాడుతున్నది. నేను మార్కులు వేసింది ఆమె నటనకు కాదు, ఆమెకు జరిగిన మోసానికి.

ఆశువుకు హద్దు

‘చింతామణి’కి తిరిగి వద్దాం. ఆశుసంభాషణ మన ప్రదర్శన కళలకు ప్రాణం. వీథినాటకంలో హాస్యగాడు, తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క రాతపాఠానికి కట్టుబడి ఉండరు. ఆశువును తొలగిస్తే ఆ కళలే మిగలవు. కాబట్టి మూలపాఠాన్ని మాత్రమే పలకాలని శాసించడం పరిష్కారం కాదు.

అయితే ఆశువు రెండు విధాలు. ఇద్దరు నటులు ఒకరి ఒడుపు మరొకరు ఎరిగి మాటకు మాట అందించుకునేది ఒకటి. ప్రేక్షకుల ఈలల కోసం ఒక నటుడు ఎదుటి నటి శరీరాన్ని, వృత్తిని, వ్యక్తిగత జీవితాన్ని లక్ష్యం చేసుకునేది మరొకటి. రెండవదానిలో ఎదుటివారికి తప్పించుకునే దారి లేదు. వందలమంది చూస్తుండగా వేదిక దిగిపోలేరు. నవ్వకపోతే సన్నివేశం చెడిందన్న నింద, నవ్వితే ఇష్టపడిందన్న నింద. పైగా వేశ్య పాత్ర ధరించిన నటిపై పాత్రకు సంఘం వేసే ముద్రే పడుతుంది. వేశ్యావృత్తి దుష్పరిణామాలను చూపడానికి రాసిన సంస్కరణ నాటకం, ప్రదర్శనలో స్త్రీని అవమానించే సాధనంగా మారడం కంటే విషాదం లేదు. దానికి నిషేధం మందు కాదు. నిషేధం వల్ల ఆ నటీమణులు గౌరవం పొందలేదు, పైగా ఉపాధి కోల్పోయారు. ఆశువుకు పూర్వమే హద్దులను ఇద్దరూ కలసి నిర్ణయించుకుని ఉంటే నాటకమూ నిలిచేది, నటీ నిలిచేది.

తెలియడం, ఒప్పుకోవడం

ముందస్తు సమాచారం, సమ్మతి ఒకటే కావు. ఈ భేదాన్ని మన రంగస్థల చరిత్రే చక్కగా చూపుతుంది. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు నాయకత్వంలో ప్రదర్శింపబడిన ‘కీచక వధ’తో సురభి నాటకాల ప్రస్థానం ఆరంభమైంది. ఆ ఇతివృత్తమే సమ్మతికి సంబంధించినది. సైరంధ్రి కాదంటున్నది, కీచకుడు వినడు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించే సంప్రదాయాన్ని కుటుంబ నాటకసమాజంగా సురభి నిలబెట్టింది. అటువంటి సమాజంలో పుట్టిన బాలికకు ప్రతి ఘట్టం, ప్రతి కదలిక కంఠస్థం. సమాచారం విషయంలో ఆధునిక నాటకబృందం కంటే ఆమెదే మెరుగైన స్థితి. కాని తండ్రో, మామో నిర్వాహకుడైన చోట, ఇల్లూ నాటకమూ ఒకటే అయిన చోట, ఈ వేషం వేయనని చెప్పే అవకాశం ఆమెకు ఎంత? సురభి పరిశోధనలో తెరలు, యంత్రాలు, మాయాదృశ్యాలు, పద్యపఠనం గురించి విస్తారంగా రాసుకున్నాం. ఈ ప్రశ్నను ఆ నటీమణులనే అడిగి వారి మాటల్లో నమోదు చేయవలసి ఉన్నది. సమాధానం మన ఊహకు భిన్నంగా ఉండవచ్చు. అడగకపోవడం మాత్రం లోపమే.

తెలుగువారికి ‘మౌనం అర్ధాంగీకారం’ అనే మాట పెళ్ళిచూపుల నుంచి సభల దాకా చెలామణి అవుతున్నది. నాటకశాలలో ఇంతకంటే ప్రమాదకరమైన సూక్తి లేదు. వేషం ఇచ్చేది దర్శకుడు, విశ్వవిద్యాలయంలోనైతే మార్కులు వేసేదీ అతడే. అతని ముందు విద్యార్థిని మౌనానికి అంగీకారం తప్ప అనేక అర్థాలున్నాయి. సగం అంగీకారంతో మిగతా సగం శరీరాన్ని అప్పగించమనడం న్యాయం కాదు. అంగీకారాన్ని నోటితో చెప్పించుకోవాలి, కాదనడానికి వీలున్న చోట చెప్పించుకోవాలి. ఒకసారి ఒప్పుకున్నది మరునాడు వద్దనుకునే హక్కును కూడా అందులో చేర్చాలి.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం, ఇది పాశ్చాత్యుల దిగుమతి అన్నది. సాన్నిహిత్య సమన్వయకర్త అనే ఉద్యోగం అక్కడ ఏర్పడినదే. 2018లో హెచ్.బి.ఓ. సంస్థ ‘ది డ్యూస్’ ధారావాహికకు అటువంటి నిపుణురాలిని నియమించింది. 2020లో అమెరికా నటుల సంఘం శాగ్-ఆఫ్ట్రా అందుకు ప్రమాణాలను ప్రకటించింది. 2022లో హిందీ చిత్రం ‘గెహరాయియా’కు దర్ గయ్ ఆ బాధ్యత వహించారు. పదవి కొత్తదే, సూత్రం కొత్తది కాదు. మనస్సమాధానం లేనిదే సత్త్వం లేదన్న భరతుని మాటను ఆచరణలో పెడితే వచ్చేది ఇదే.

రెండవది, ఇది మరొక సెన్సారన్న భయం. సెన్సారు సన్నివేశాన్ని వద్దంటుంది. సమ్మతి ఆ సన్నివేశాన్ని సాధ్యం చేస్తుంది. ద్రౌపదీ వస్త్రాపహరణాన్ని ప్రదర్శించాలి, దాని భయానకత్వమంతా చూపాలి. నిండుసభలో ఒక స్త్రీ ఇష్టానికి విరుద్ధంగా జరిగిన దాన్ని ఖండించే ఆ ఘట్టాన్ని, మరొక స్త్రీ ఇష్టానికి విరుద్ధంగా ప్రదర్శిస్తే ఖండన ఎక్కడ మిగిలింది?

మూడవది ఆకస్మికత నశిస్తుందన్నది. కత్తియుద్ధంలో ప్రతి వేటును ముందే నిర్ణయించుకుంటాం. దానివల్ల ప్రేక్షకుని ఉత్కంఠ తగ్గిందని ఎవరూ అనరు. ఆశ్చర్యపోవలసినది ప్రేక్షకుడు, నటి కాదు. కత్తికి ఇచ్చిన గౌరవం కౌగిలికి ఇవ్వడానికి అభ్యంతరం ఎందుకు?

నాలుగవది చిన్న సమాజాలకు ఇంత స్తోమత ఎక్కడిదన్నది. సన్నివేశ వివరాలు రాసిన ఒక కాగితం, ఆలోచించుకోవడానికి రెండు రోజుల వ్యవధి, రిహార్సల్‌లో దర్శకుడు కాని మూడవ వ్యక్తి ఉండడం, వీటికి ఖర్చు లేదు.

పరిశోధకుల బాధ్యత

చలనచిత్రరంగంలో ఈ చర్చ మొదలైంది. కేరళలో జస్టిస్ హేమ కమిటీ 2019లో సమర్పించిన నివేదిక 2024 ఆగస్టులో బయటికి వచ్చినప్పుడు, తెలంగాణ ప్రభుత్వానికి అందిన ఉపసంఘం నివేదికను కూడా ప్రచురించాలని నటి సమంత బహిరంగంగా కోరారు. నాటకరంగానికి ఆపాటి చర్చ కూడా లేదు. పనిచోట లైంగిక వేధింపుల నివారణకు 2013లో చట్టం వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలని, అంతకంటే చిన్న చోట్లవారు జిల్లాస్థాయి కమిటీని ఆశ్రయించవచ్చునని అది చెబుతుంది. రిహార్సల్ జరిగే గది కూడా పనిచోటే అన్న స్పృహ మన నాటకసమాజాలకు కలగాలి.

తెలుగు శాఖలు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. శాఖ తరపున ప్రదర్శించే ప్రతి నాటకానికి, పాత్రల పంపకానికి ముందే కలతపెట్టే సన్నివేశాల వివరాలను విద్యార్థులకు లిఖితంగా ఇవ్వాలి. వేషం వద్దన్నందుకు మార్కులు తగ్గవని ఆ కాగితంలోనే రాయాలి. స్పర్శ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నిర్ణయించి, ప్రదర్శన రోజున దాన్ని మార్చరాదు. ప్రదర్శన కళలపై వచ్చే సిద్ధాంతగ్రంథాల్లో నటీనటుల అనుభవాన్ని సేకరించే అధ్యాయం తప్పనిసరి కావాలి. ఆ సేకరణకు కూడా వారి సమ్మతి తీసుకోవాలి. ఔచిత్య విచారంలో నటునిపట్ల ఔచిత్యం అనే శీర్షికను చేర్చాలి.

ముగింపు

రసం సామాజికునిది కావచ్చు, దేహం మాత్రం నటునిదే. ఈ రెండింటి మధ్య వైరుధ్యం లేదు. తనకు ఏమి జరగబోతున్నదో ఎరిగి, ఒప్పుకుని వేదికనెక్కిన నటి మాత్రమే అభినయించగలదు. ఎరుగనిది అభినయించడం లేదు, అనుభవిస్తున్నది. ఆ అనుభవాన్ని చూసి మనం ఆనందించామంటే మనం సహృదయులం కాము.

ఆ నటికి నేను వేసిన మార్కులను ఇప్పుడు మార్చలేను. న్యాయనిర్ణేతలుగా మనలో చాలామందిమి ఏటా పరిషత్తు పోటీలకు వెళుతూనే ఉంటాం. ఈసారి మార్కుల కాగితం చేతికి వచ్చినప్పుడు, సహజాభినయం అనే గడి నింపడానికి ముందు, ఈ ఘట్టం ఆమెకు ముందే చెప్పారా అని సమాజంవారిని అడుగుదాం. సమాధానం ఆమె నోటి నుంచే విందాం.